రెఫ్యూజియం అడుగున మడ్డి, పైన పాలిపోతున్న కీటోమార్ఫా: ఎంతవరకు శుభ్రం చేయాలి?

కడలిరేవు:

అందరికీ నమస్కారం. మా ఇంట్లోని ఉప్పునీటి అక్వేరియంలో పగడాలు, చేపలు ఉండే ప్రధాన తొట్టి 400 లీటర్లది. దాని కింద ఉన్న సంప్‌లో (నీటిని శుద్ధి చేసి పైకి పంపే తొట్టి) దాదాపు 60 లీటర్లు పట్టే గదిని రెఫ్యూజియంగా, అంటే నాచు, చిన్న ప్రాణులు పెరిగే ఆశ్రయంగా వాడుతున్నాను. అందులో అడుగున 4 సెంటీమీటర్ల మందాన సన్నటి ఆరగొనైట్ (కాల్షియం కార్బొనేట్) ఇసుక, దాని మీద లైవ్ రాక్ (బాక్టీరియా, చిన్న ప్రాణులు నివసించే రాయి) ముక్కలు, పైన గదినంతా ఆక్రమించిన కీటోమార్ఫా అనే పోగుల నాచు ఉన్నాయి. మొదట్లో ముదురాకుపచ్చగా, పట్టుకుంటే బిరుసుగా ఉండే ఆ నాచు ఇటీవల పసుపు కలిసిన లేతరంగుకు తిరిగింది; అడుగుభాగం చేత్తో తాకితేనే పొడిపొడిగా విడిపోతోంది. రాళ్ల సందుల్లో గోధుమరంగు మడ్డి వేలెడు మందాన పేరుకుంది. దీపం పడే వైపు అద్దం మీద ముదురెరుపు జిగురు పొర కూడా కనిపిస్తోంది.

పరీక్షల్లో నైట్రేట్ సున్నా అని వస్తోంది, ఫాస్ఫేట్ 0.15 పీపీఎం (పది లక్షల్లో పాళ్లు), క్షారత 8 డీకేహెచ్ (క్షారత కొలమానం), లవణీయత 35 పీపీటీ (వెయ్యిలో పాళ్లు), ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నాయి. ప్రధాన తొట్టిలో ఒక మాండరిన్ చేప ఉంది. అది ఎక్కువగా తినేది ఈ రెఫ్యూజియంలో పుట్టి పైకి వెళ్లే కోపిపోడ్లనే (రొయ్యల వర్గానికి చెందిన అతిచిన్న ప్రాణులు) గనుక, గది మొత్తం ఖాళీ చేసి కడిగేస్తే దాని తిండికే ఎసరు పెట్టినట్లవుతుందేమోనని వెనకాడుతున్నాను. మడ్డిని అలాగే వదిలేస్తే నీరు పాడవుతుందన్న భయమూ ఉంది. దేన్ని తీసేయాలో, దేన్ని ముట్టుకోకుండా వదలాలో అనుభవజ్ఞులు వివరించగలరని మనవి.

పగడాలదిబ్బ:

కడలిరేవు గారూ, సలహా చెప్పే ముందు కొన్ని సంగతులు తెలియాలి. రెఫ్యూజియంలోకి నీరు ప్రధాన తొట్టి నుంచి నేరుగా వస్తోందా, లేక వడపోత సంచి గుండా గానీ ప్రోటీన్ స్కిమ్మర్ (నురగతో మలినాలను తీసే పరికరం) దాటిన తర్వాత గానీ వస్తోందా? గంటకు ఎన్ని లీటర్లు ఆ గదిలోంచి పారుతున్నాయి? దీపం ఏ రకానిది, నీటికి ఎంత ఎత్తులో ఉంది, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు వెలుగుతోంది? నాచును చివరిసారి ఎప్పుడు కోసి తీశారు? ఫాస్ఫేట్ తగ్గించే ఐరన్ ఆక్సైడ్ మాధ్యమం వంటిది ఏమైనా నడుస్తోందా?

ఇవి తెలిసేలోగా ఒక్క మాట. ఎవరు ఎంత తొందరపెట్టినా గది మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చేయవద్దు. చాలాకాలంగా కదలని మడ్డిని ఒక్కసారిగా కలియబెడితే అందులో చిక్కుకుని ఉన్న అమ్మోనియా, కుళ్లే సేంద్రియ పదార్థం, నీటిని ప్రధాన తొట్టికి తిరిగి పంపే రిటర్న్ పంపు గుండా పగడాల మీదికి వెళ్తాయి.

అద్దాలగది:

నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు గానీ, రెఫ్యూజియంలో ఇసుకకూ రాళ్ల ముక్కలకూ చోటే ఉండకూడదని నేను భావిస్తాను. సంప్‌లో నీటి వేగం మందగించే చోటు రెఫ్యూజియమే గనుక, ప్రధాన తొట్టిలో చేపల విసర్జన, మిగిలిన తిండి, పగడాల జిగురు అన్నీ కొట్టుకువచ్చి అక్కడే దిగుతాయి. ఆ దిగే చోట మనమే ఇసుక పరిచి, రాళ్లు పేర్చి, మడ్డి దాక్కోవడానికి వేయి సందులు కట్టిపెడుతున్నాం. అడుగు నున్నటి గాజుగా ఉంటే మడ్డి ఎంత ఉందో కంటికి కనబడుతుంది, సైఫన్ గొట్టానికి అందుతుంది. కంటికి కనబడనిదాన్ని శుభ్రం చేయడం ఎవరి తరమూ కాదు.

నాచు పీల్చుకునే ఫాస్ఫేట్‌ను కింద కుళ్లుతున్న మడ్డి మళ్లీ నీటిలోకి వదులుతూ ఉంటే ఆ గది వల్ల తొట్టికి ఒరిగేదేమిటి? దశలవారీగానే కావచ్చు, రాళ్ల ముక్కలను, తర్వాత ఇసుకను పూర్తిగా తీసేయమని నా సలహా.

చిరుజీవి:

అద్దాలగది గారి వాదనలో సగం నిజం ఉంది, కాని ఆ సగం మాండరిన్ చేప లేని తొట్టికే వర్తిస్తుంది. రెఫ్యూజియం అన్న ఏర్పాటే చేపల నోటికి అందకుండా చిన్న ప్రాణులు బతకడానికి కదా. అందులో ఎక్కువగా వృద్ధి చెందే టిస్బే జాతి కోపిపోడ్లు నీటిలో ఈదుతూ తిరిగేవి కావు. రాతి మీద, ఇసుక రేణువుల మధ్య, నాచు పోగుల మీద పాకుతూ, సూక్ష్మమైన నాచు పొరనూ మడ్డినీ ఆ మడ్డి మీద పెరిగే బాక్టీరియానూ తిని బతుకుతాయి. యాంఫిపోడ్లు (కోపిపోడ్ల కంటే కాస్త పెద్దవైన రొయ్యల వర్గపు ప్రాణులు), బ్రిసిల్ పురుగులు, చిన్న నత్తలు కూడా అంతే. మడ్డిని పూర్తిగా తుడిచేసిన గదిలో ఇవి తినడానికి మిగిలేది తక్కువే.

అయితే ప్రాణులు తినగలిగే మడ్డి వేరు, వాటి శక్తికి మించి పేరుకుపోయే మడ్డి వేరు. రాళ్ల మీద పలుచగా పరుచుకుని, రాత్రి టార్చి వేసి చూస్తే లోపల ప్రాణులు కదులుతూ కనిపించే మడ్డిని వదిలేయవచ్చు. వేలెడు మందాన, ముద్దగా, లోపల నల్లగా మారి, గాలి సోకని మడ్డిలో కోపిపోడ్లు కూడా ఉండవు. కడలిరేవు గారు తీయవలసింది ఆ రెండోదాన్ని మాత్రమే. నేనైతే గదిని ఊహలో రెండు భాగాలుగా విభజించుకుని, ఒక భాగాన్ని శుభ్రం చేసి, కనీసం రెండు మూడు వారాలు ఆగిన తర్వాతే రెండో భాగం జోలికి వెళ్తాను. అప్పటికి ముట్టుకోని భాగం నుంచి కోపిపోడ్లు శుభ్రపడిన భాగంలోకి వచ్చి చేరతాయి.

కడలిరేవు:

అందరికీ ధన్యవాదాలు. పగడాలదిబ్బ గారు అడిగిన వివరాలు ఇవి. నీరు ప్రధాన తొట్టి నుంచి నేరుగానే రెఫ్యూజియంలోకి వస్తుంది, మధ్యలో వడపోత సంచి లేదు. స్కిమ్మర్ దాని తర్వాతి గదిలో ఉంది. ప్రవాహం గంటకు 150 లీటర్లకు మించదు, కోపిపోడ్లకు మందగతి మంచిదని చదివి అలా ఏర్పాటు చేసుకున్నాను. దీపం ఎరుపు, నీలం కలిసిన ఎల్‌ఈడీ. నీటికి అడుగు ఎత్తున ఉంది. పగలు పది గంటలు, అంటే ప్రధాన తొట్టి దీపాలతో పాటే వెలుగుతుంది. నాచును ఇంతవరకు కోయలేదు. ఐరన్ ఆక్సైడ్ మాధ్యమం ఒక చిన్న రియాక్టర్‌లో (నీరు మాధ్యమం గుండా పారే పాత్ర) నడుస్తోంది.

నైట్రేట్ సున్నా ఉండటం మంచిదే కదా అన్నది నా మరో సందేహం.

మోలారిటీ:

కడలిరేవు గారూ, మీ సమస్యకు మూలం ఆ సున్నాలోనే ఉందని నేను అనుకుంటున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సముద్రంలో తేలియాడే సూక్ష్మ నాచులో కర్బనం, నత్రజని, భాస్వరం పరమాణువుల నిష్పత్తి 106:16:1 అని సముద్ర శాస్త్రవేత్త రెడ్‌ఫీల్డ్ చెప్పిన సంగతి మనలో చాలామందికి తెలుసు. రాతినో నేలనో పట్టుకుని పెరిగే పెద్ద నాచుల విషయంలో ఆ నిష్పత్తి వేరు; 1983లో ఆట్కిన్సన్, స్మిత్ ప్రచురించిన సగటు లెక్క ప్రకారం అది 550:30:1. అంటే ఒక పాలు భాస్వరాన్ని ఒంటికి పట్టించుకోవడానికి పెద్ద నాచుకు 30 పాళ్ల నత్రజని కావాలి. బరువుల్లోకి మార్చి చూస్తే, 1 పీపీఎం ఫాస్ఫేట్ తగ్గేలోగా నాచు సుమారు 20 పీపీఎం నైట్రేట్‌ను వాడుకుంటుంది. ఇది సగటు మాత్రమే, జాతిని బట్టి మారుతుంది. కాని మీ తొట్టిలో ఏం జరుగుతోందో అర్థం చేసుకోవడానికి చాలు. నైట్రేట్ ముందుగా అయిపోయింది, ఫాస్ఫేట్ మిగిలిపోయింది. నత్రజని దొరకని నాచు కొత్త పత్రహరితాన్ని తయారు చేసుకోలేక, ఉన్నదాన్ని కూడా కరిగించుకుని పాలిపోతుంది. అడుగున చచ్చి విడిపోతున్న పోగులు మళ్లీ మడ్డిలోనే కలుస్తున్నాయి.

ఎర్ర జిగురు పొర విషయానికి వస్తే, అది నాచు కాదు, సయానోబాక్టీరియా, అంటే నాచులాగే వెలుతురుతో ఆహారం తయారు చేసుకునే బాక్టీరియా. వాటిలో కొన్ని జాతులు నీటిలో కరిగి ఉన్న నత్రజని వాయువునే స్థిరీకరించుకోగలవు కాబట్టి, నైట్రేట్ లేకుండా ఫాస్ఫేట్ మాత్రం ఉన్న నీటిలో వాటికి పోటీ ఉండదు. మందగతి నీరు, పక్కనే మడ్డి, ఎరుపు దీపం ఉన్న చోటు వాటికి మరీ అనుకూలం. ప్రధాన తొట్టిలో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయినప్పుడు డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు విజృంభించే ప్రమాదం కూడా ఉంది. దానితో పోలిస్తే సయానోబాక్టీరియా చిన్న బెడదే.

ఏం చేయాలంటే, మొదట మరొక కంపెనీ కిట్‌తో నైట్రేట్‌ను మళ్లీ కొలవండి. పాత రసాయనాలు తప్పుడు సున్నాను చూపించడం కద్దు. నిజంగానే సున్నా అయితే శుద్ధమైన సోడియం నైట్రేట్‌ను గానీ పొటాషియం నైట్రేట్‌ను గానీ ఆర్‌ఓ నీటిలో కరిగించి కొద్దికొద్దిగా కలపండి. మీ వ్యవస్థలో రాళ్లూ ఇసుకా ఆక్రమించిన చోటు పోగా నికరంగా 400 లీటర్ల నీరు ఉందనుకుంటే, నైట్రేట్‌ను 1 పీపీఎం పెంచడానికి సోడియం నైట్రేట్ 0.55 గ్రాములు, లేదా పొటాషియం నైట్రేట్ 0.65 గ్రాములు సరిపోతుంది. రోజుకు 1 పీపీఎం మించకుండా, 3 నుంచి 5 పీపీఎం నిలకడగా ఉండే వరకు చేరుకోండి. ఐరన్ ఆక్సైడ్ రియాక్టర్‌ను ప్రస్తుతానికి ఆపేయండి. నాచు, ఆ మాధ్యమం ఒకే ఫాస్ఫేట్ కోసం పోటీ పడటం వృథా.

కడలిరేవు:

మోలారిటీ గారూ, లెక్క అర్థమైంది. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. నైట్రేట్ తగ్గించడానికి పెట్టుకున్న గదిలో మళ్లీ మన చేత్తో నైట్రేట్ పోయడం తలకిందులు వ్యవహారంలా అనిపిస్తోంది. చేపలకు తిండి పెంచితే అదే నైట్రేట్ రాదా?

మోలారిటీ:

వస్తుంది, కాని తిండితో పాటు ఫాస్ఫేట్ కూడా వస్తుంది. మీకు ఇప్పుడు కావలసింది ఒక్క నత్రజనే గనుక విడిగా ఇవ్వడం మేలు. ఫాస్ఫేట్ 0.05 దగ్గరికి దిగిన తర్వాత రసాయనం మానేసి తిండినే పెంచుకోవచ్చు. ఇంకొక సంగతి: మీ ఇసుక, రాళ్లు కాల్షియం కార్బొనేట్ గనుక ఇన్నాళ్లూ ఫాస్ఫేట్‌ను తమ ఉపరితలం మీద పట్టి ఉంచుకున్నాయి. నీటిలో ఫాస్ఫేట్ తగ్గుతున్నకొద్దీ అవి తిరిగి వదులుతాయి. అందువల్ల అంకె చాలా నెమ్మదిగా దిగుతుంది. కదలడం లేదని కంగారుపడి మోతాదులు పెంచవద్దు.

నీలికాంతి:

రసాయనం గురించి మోలారిటీ గారు చెప్పింది సరైనదే. దీపం, కోత గురించి నేను చెబుతాను, ఎందుకంటే గదిని నిండా ఆక్రమించిన నాచుముద్దకు ఎంత నైట్రేట్ పోసినా అడుగుభాగం కోలుకోదు. పై పొర వెలుతురునంతా మింగేస్తుంది. ముద్ద లోపల చీకటి, నీరు కదలదు, మడ్డి మాత్రం జల్లెడ పట్టినట్లు చిక్కుకుంటుంది. కడలిరేవు గారి నాచు విడిపోతున్నది సరిగ్గా అక్కడే. ముందు ఆ చచ్చిన అడుగుభాగాన్నంతా తీసి పారేయండి. మిగిలినదానిలో ముదురు రంగుతో బిరుసుగా ఉన్న భాగాన్ని ఉంచుకుని, ముద్ద గది పరిమాణంలో సగానికి మించకుండా చూసుకోండి. నాచు మళ్లీ పుంజుకున్నాక ప్రతి రెండు వారాలకో, పెరుగుదలను బట్టి ఇంకా త్వరగానో మూడో వంతు కోసి తీయాలి. కోసి బయట పారేసినప్పుడే అది పీల్చుకున్న నైట్రేట్, ఫాస్ఫేట్ తొట్టి నుంచి నిజంగా బయటికి వెళ్లినట్లు. కోయని నాచు పోషకాలను దాచిపెట్టుకుంటుందే తప్ప తొలగించదు.

ముద్దను వారానికి ఒకసారైనా తిరగేయండి. దీపాన్ని ప్రధాన తొట్టి దీపాలు ఆరిన తర్వాత వెలిగేలా మార్చుకోండి. రాత్రి పూట ప్రధాన తొట్టిలోని ప్రాణులన్నీ బొగ్గుపులుసు వాయువును వదులుతూ పీహెచ్‌ను కిందికి లాగుతుంటాయి. అదే సమయంలో రెఫ్యూజియంలోని నాచు ఆ వాయువును వాడుకుంటే పీహెచ్ హెచ్చుతగ్గులు కొంత తగ్గుతాయి. వ్యవధి 12 నుంచి 16 గంటలు ఉండవచ్చు. కొన్ని గంటల చీకటి మాత్రం ఇవ్వండి. దీపం అద్దం మీద ఉప్పు తుంపరలు ఎండి తెల్లటి పొర కట్టి ఉందేమో చూడండి. ఆ పొర వెలుతురును గణనీయంగా తగ్గిస్తుంది, చాలామంది దాన్ని గమనించకుండానే దీపం పాతబడిందని కొత్తది కొంటారు. ప్లగ్గు తీసి, చల్లారాక, ఆర్‌ఓ నీటితో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు.

పగడాలదిబ్బ:

ప్రవాహం గురించి కూడా తేల్చుకుందాం. గంటకు 150 లీటర్లంటే మీ 60 లీటర్ల గదికి రెండున్నర రెట్లే. కీటోమార్ఫా ఏ నేలనూ పట్టుకుని ఉండే నాచు కాదు. పోగు చుట్టూ నీరు మారుతూ ఉంటేనే దానికి పోషకాలు అందుతాయి, లేకపోతే పక్కనే ఉన్నా అందవు. సాధారణంగా గది పరిమాణానికి గంటకు 5 నుంచి 10 రెట్ల ప్రవాహం, అంటే మీకు 300 నుంచి 600 లీటర్లు ఉండేలా చూస్తారు. కోపిపోడ్లకు మందగతి కావాలన్న మాట తప్పు కాదు, కాని రాళ్ల సందుల్లో, నాచు పోగుల మధ్య వాటికి కావలసినంత నెమ్మది ఎలాగూ దొరుకుతుంది.

గది ముందు ఒక వడపోత సంచిని పెట్టండి. రోజూ కాకపోయినా మూడు నాలుగు రోజులకొకసారి ఆ సంచిని మార్చగలిగితేనే పెట్టండి. మార్చని సంచి మడ్డిని తొట్టి నుంచి తీసినట్లు కాదు, చోటు మార్చినట్లు మాత్రమే.

చిరుజీవి:

వడపోత సంచి విషయంలో చిన్న సవరణ. సంచి రెఫ్యూజియానికి ముందే ఉండాలి, తర్వాత ఉండకూడదు. తర్వాత పెడితే గదిలోంచి ప్రధాన తొట్టికి వెళ్లవలసిన కోపిపోడ్లు, వాటి పిల్లలు సంచిలోనే ఆగిపోతాయి. రిటర్న్ పంపు వాటిని నలిపేస్తుందని భయపడనక్కర్లేదు. అంత చిన్న ప్రాణుల్లో చాలా భాగం ప్రాణాలతోనే దాటుతాయి.

అద్దాలగది:

అందరూ ఇసుక ఊసెత్తడం లేదు గనుక మళ్లీ నేనే అడుగుతాను. 4 సెంటీమీటర్ల ఇసుక దేనికి పనికొస్తుంది? నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చే బాక్టీరియా కోసం లోతైన ఇసుక పరుపు కావాలంటే 10 నుంచి 15 సెంటీమీటర్ల సన్నటి ఇసుక ఉండాలి. దాన్ని ఎప్పుడూ కలియబెట్టకూడదు కూడా. 4 సెంటీమీటర్లలో ఆ పని అరకొరగా జరుగుతుంది, మడ్డి మాత్రం నిండుగా చేరుతుంది. పైగా కడలిరేవు గారి తొట్టిలో నైట్రేటే లేనప్పుడు దాన్ని తీసే బాక్టీరియా ఎందుకు?

చిరుజీవి:

ఈ ఒక్క విషయంలో అద్దాలగది గారితో నేను ఏకీభవిస్తున్నాను. ఇసుక ఉంటే లోతుగా ఉండాలి, లేకపోతే సైఫన్‌తో కడగడానికి వీలుగా ఒకటి రెండు సెంటీమీటర్లకు మించకూడదు. మధ్యస్థమైన లోతు రెండు వైపులా కష్టమే. కాకపోతే రాళ్ల ముక్కలు తీసేయమన్న సలహాను మాత్రం ఒప్పుకోను. వాటిని అడుగున పరచకుండా, దీపాలకు అడ్డుపెట్టే ప్లాస్టిక్ జాలీ పలకను కాళ్ల మీద నిలిపి దాని మీద పేర్చండి. కింద రెండు మూడు అంగుళాల ఖాళీ ఉంటే మడ్డి అక్కడికి జారుతుంది, గొట్టం కూడా దూరుతుంది.

అద్దాలగది:

జాలీ పలక ఆలోచన బాగుంది. రాళ్ల మీద నా అభ్యంతరం తగ్గింది, పోలేదు.

పగడాలదిబ్బ:

ఇక పని ఎలా చేయాలో చెబుతాను, ఎందుకంటే రెఫ్యూజియం శుభ్రం చేసేటప్పుడు జరిగే నష్టాల్లో చాలా భాగం క్రమం తప్పడం వల్లనే జరుగుతాయి. ముందుగా, మీరు మామూలుగా నీరు మార్చే రోజునే ఈ పనికి ఎంచుకోండి. సైఫన్‌తో తీసే నీరు ఎలాగూ పారబోయవలసినదే. కొత్త ఉప్పునీరు లవణీయత, ఉష్ణోగ్రత సరిచూసుకుని పక్కన సిద్ధంగా ఉంచుకోండి. రిటర్న్ పంపు, స్కిమ్మర్, నీటి మట్టాన్ని తనంతట తాను సరిచేసే పరికరం మూడూ ఆపండి. మూడోది ఆపడం మరిచిపోతే మీరు తీస్తున్న ఉప్పునీటికి బదులు అది మంచినీటిని నింపుతూ పోతుంది, తొట్టి లవణీయత పడిపోతుంది.

నాచును తొట్టి నీళ్లున్న బకెట్‌లోకి తీసి, నెమ్మదిగా ముంచి ఊపండి. అందులోని మడ్డి, దానితో పాటు వందల కొద్దీ కోపిపోడ్లు, యాంఫిపోడ్లు బకెట్‌లో రాలతాయి. కాసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, ప్రాణులు ఎక్కువగా గోడలు పట్టుకుని పైకి వస్తాయి. పైనీటిని జాగ్రత్తగా తిరిగి రెఫ్యూజియంలో పోయవచ్చు. మంచినీటితో మాత్రం నాచును కడగవద్దు. నాచు తట్టుకున్నా అందులోని ప్రాణులు చస్తాయి. చేతికి తొడుగు వేసుకోండి; బ్రిసిల్ పురుగుల నూగు గుచ్చుకుంటే చాలాసేపు మంట ఉంటుంది.

ఆ తర్వాత మీరు ఎంచుకున్న సగభాగంలో సన్నటి గొట్టంతో మడ్డిని లాగండి. గొట్టం కొనను ఇసుకలో గుచ్చకుండా, ఇసుక పైన వేలెడు ఎత్తున నడిపితే మడ్డి వస్తుంది, ఇసుక మిగులుతుంది. రాళ్ల సందుల్లోకి పిచికారీతో నీటిని ఊది, పైకి లేచిన మడ్డిని వెంటనే గొట్టంతో అందుకోండి. ఎర్ర పొరను గీకి నీటిలో కలపకుండా, గొట్టం అంచుతోనే అద్దం మీద నుంచి ఒలిచి లాగేయాలి. ఎక్కడైనా నల్లటి ఇసుక కదిలి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ చోటును ఇక కెలకకుండా ఆపి, ఆ చుట్టుపక్కల నీటిని తీసి పారబోయండి, గది తలుపులు తెరవండి. అంతా అయ్యాక పది పదిహేను నిమిషాలు మడ్డి దిగనిచ్చి, తర్వాతే రిటర్న్ పంపు వేయండి.

పంపులను నాలుగైదు నెలలకొకసారి విప్పి, వెనిగర్ సగం, నీరు సగం కలిపి అందులో గానీ, నిమ్మ ఉప్పు కరిగించిన నీటిలో గానీ నానబెడితే సున్నపు పొర వదులుతుంది. సబ్బు, డిటర్జెంట్ దగ్గరికి రానివ్వవద్దు. తెగిన కీటోమార్ఫా పోగులు రిటర్న్ పంపు నోటికి అడ్డం పడటం, నీటి మట్టం కొలిచే సెన్సార్‌కు చుట్టుకోవడం మామూలే. రెఫ్యూజియం బయటికి దారి ఉన్న చోట జాలీ పలకను నిలబెట్టి, దానికి చుట్టుకున్న పోగులను వారానికోసారి తీసేయండి.

అలలవెంట:

ఈ చర్చను ఆసక్తిగా చదువుతున్నాను. కీటోమార్ఫా ఇంత ఇబ్బంది పెడుతుంటే దాని బదులు కాలర్పా అనే నాచును పెంచకూడదా? చూడటానికి అందంగా ఉంటుంది, ఇంకా వేగంగా పెరుగుతుందని విన్నాను.

చిరుజీవి:

వేగంగా పెరుగుతుంది, అక్కడే చిక్కు. కాలర్పా మొక్క ఎంత పెద్దదైనా అడ్డుగోడలు లేని ఒకే ఒక కణం. లోపల కేంద్రకాలు మాత్రం అసంఖ్యాకంగా ఉంటాయి. అందుకే కత్తిరించిన చోటల్లా లోపలి ద్రవం నీటిలోకి కారుతుంది. ఇంకా పెద్ద సమస్య, అది లైంగిక పునరుత్పత్తికి పూనుకున్నప్పుడు తన జీవపదార్థాన్నంతా బీజకణాలుగా మార్చి ఒక్కసారిగా వదిలేసి చచ్చిపోవడం. ఒక్క పొద్దులో మొక్కలన్నీ గాజులా తెల్లబడతాయి, నీరు పచ్చగా మసకబారుతుంది, అన్నాళ్లూ పీల్చుకున్న పోషకాలు తిరిగి నీటిలో పడతాయి, ప్రాణవాయువు పడిపోతుంది. 24 గంటలూ దీపం వెలిగించి దీన్ని ఆపవచ్చని కొందరు నమ్ముతారు. నేను ఆ ధీమాతో పగడాలను పెంచలేను.

మోలారిటీ:

కాలర్పా మాట వచ్చింది కాబట్టి పారవేయడం గురించి కూడా చెప్పాలి. 1984లో మొనాకో తీరాన మధ్యధరా సముద్రంలో కాలర్పా టాక్సిఫోలియా చిన్న మడిగా కనిపించింది. ఆ తర్వాత అది వేల హెక్టార్ల సముద్రపు అడుగును కప్పేసింది. 2000లో అదే నాచు కాలిఫోర్నియాలోని అగువా హెడియోండా ఉప్పుకయ్యలో బయటపడింది. నల్లటి పట్టాలు కప్పి కింద క్లోరిన్ పంపి చంపి, నిర్మూలన పూర్తయిందని ప్రకటించేసరికి 2006 వచ్చింది. ఇప్పుడు అక్కడ కాలర్పాను ఉంచుకోవడం, అమ్మడం చట్టవిరుద్ధం. అంగుళం ముక్క చాలు, అది కొత్త మొక్కగా ఎదుగుతుంది. కీటోమార్ఫా అయినా, గ్రాసిలేరియా అయినా, కోసిన నాచును సింకులో, కాలువలో, చెరువులో, తీరంలో వేయకండి. ఎండలో పూర్తిగా ఎండబెట్టి గానీ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి గానీ చెత్తలో వేయండి. సైఫన్‌తో తీసిన మడ్డి నీటిలో కూడా పోగులు ఉంటాయి, వడగట్టి పారబోయండి.

కడలిరేవు:

కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. రియాక్టర్ ఆపాను, సోడియం నైట్రేట్ మొదలుపెట్టాను, ప్రవాహాన్ని గంటకు 400 లీటర్లకు పెంచాను, దీపాన్ని రాత్రికి మార్చాను. చచ్చిన నాచంతా తీసేశాక మిగిలింది పిడికెడే. నైట్రేట్ ఇప్పుడు 4, ఫాస్ఫేట్ 0.09. కొత్త పోగులు ముదురాకుపచ్చగా వస్తున్నాయి, ఎర్ర పొర అద్దం మూలకే పరిమితమైంది. సగం గదిలో రాళ్లను జాలీ పలక మీదికి మార్చాను. రెండో సగం ఇంకా ముట్టుకోలేదు. మాండరిన్ మునుపటిలాగే రోజంతా రాళ్ల మీద పొడుచుకుంటూ తిరుగుతోంది.

రెండు సందేహాలు మిగిలాయి. కొత్త నాచు పోగుల మీద సన్నటి పచ్చటి వెంట్రుకల వంటి నాచు అల్లుకుంటోంది. రాళ్ల మీద రెండు చోట్ల ఐప్టాసియాలు (బెడదగా వ్యాపించే చిన్న సీ అనిమోన్లు) కనిపించాయి. వాటిని తినే పెప్పర్‌మింట్ రొయ్యను రెఫ్యూజియంలో వదలవచ్చా?

నీలికాంతి:

వెంట్రుక నాచు కొత్తగా పుంజుకుంటున్న కీటోమార్ఫా మీద తరచుగా వస్తుంది. బాగా అల్లుకున్న పోగులను ఏరి పారేయండి, ముద్దను తిరగేస్తూ ఉండండి. కీటోమార్ఫా వేగం అందుకున్నాక దానికి పోషకాలు మిగలవు. అప్పటికీ తగ్గకపోతే దీపాన్ని కొంచెం ఎత్తండి. నైట్రేట్ సరిగా ఉండి కూడా కొత్త పోగులు లేతగా వస్తుంటే అప్పుడు ఇనుము లోపం గురించి ఆలోచించవచ్చు. మీవి ముదురుగా వస్తున్నాయి గనుక ఇప్పుడే ఇనుము కలపనక్కర్లేదు.

చిరుజీవి:

పెప్పర్‌మింట్ రొయ్య వద్దు. అది ఐప్టాసియాలను తింటుందో లేదో చెప్పలేం గానీ, చేతికందిన యాంఫిపోడ్లను, కోపిపోడ్లను తప్పకుండా తింటుంది. రెఫ్యూజియంలో చేపను గానీ, రొయ్యను గానీ, పీతను గానీ ఉంచితే అది చిన్న ప్రాణుల ఆశ్రయం కాకుండా పోతుంది. ఐప్టాసియాను గోరుతో గీకవద్దు, మిగిలిన ప్రతి తునకా కొత్త ఐప్టాసియా అవుతుంది. రెండే ఉన్నాయి కాబట్టి ఆ రాళ్లను బయటికి తీసి పక్కన పెట్టేయడం తేలిక. ఎక్కువైతే బెర్ఘియా అనే చిన్న సముద్రపు స్లగ్‌ను తెచ్చుకోండి, అది ఐప్టాసియా తప్ప మరేదీ ముట్టదు. పంపు నోటికి సన్నటి స్పాంజి తొడగడం మాత్రం మరవకండి.

అద్దాలగది:

రెండో సగం తీసేటప్పుడు ఆ ఇసుకను కూడా తీసేసి చూడండి. కోపిపోడ్లు తగ్గితే మళ్లీ పరుచుకోవచ్చు, చిరుజీవి గారు ఎలాగూ గుర్తు చేస్తారు.

కడలిరేవు:

వచ్చే నీటి మార్పు నాడు సగం ఇసుకను తీసి, మిగతా సగాన్ని ఒకటిన్నర సెంటీమీటర్లకు పలుచన చేస్తాను. ఐప్టాసియాలున్న రెండు రాళ్లను ఇవాళే బయటికి తీశాను.